గేమ్ కన్సోల్ కొనే ముందు సుంకం లెక్క ఇలా వేసుకోండి

2025 ఏప్రిల్ 2 పొద్దున మా అబ్బాయి స్కూల్ బ్యాగు భుజాన వేసుకుని, టీవీ ముందు నిలబడే నింటెండో ప్రసారం చూశాడు. వాళ్ల కొత్త గేమ్ కన్సోల్ స్విచ్ 2 జూన్ 5న వస్తుందన్నారు. కాసేపటికి ధర కూడా తెలిసింది, 449.99 డాలర్లు. వాడు ఏడాదిగా పుట్టినరోజు డబ్బులు, తాతయ్య పండక్కి ఇచ్చినవి దాచుకుంటున్నాడు. సరిపోతాయని సంతోషంగా బస్సెక్కాడు. ఆ మధ్యాహ్నమే వైట్‌హౌస్ నుంచి దేశాలవారీగా సుంకాల, అంటే దిగుమతి పన్నుల పట్టిక వచ్చింది. వియత్నాంకు 46 శాతం, చైనాకు 34, జపాన్‌కు 24. రెండు రోజులు తిరక్కుండానే, ఏప్రిల్ 9న అమెరికాలో మొదలు కావాల్సిన ప్రీ ఆర్డర్లను నింటెండో ఆపేసింది.

"అమ్మా, ఇప్పుడు ధర పెరుగుతుందా? నా డబ్బులు చాలవా?" అని అడిగాడు వాడు.

మేముండేది టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో. నేను ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పనిచేస్తాను. బయటి దేశాల నుంచి వచ్చే సరుకుకు ఎంట్రీ కాగితాలు వేయడం, సుంకం లెక్కకట్టడం నా ఉద్యోగం. వాడి ప్రశ్నకు ఆ రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర నోట్‌బుక్‌లో లెక్క వేసి చూపించాను. ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్‌లో మన తెలుగువాళ్లు చాలామంది ఇదే అడిగారు. గుంటూరు నుంచి మా తమ్ముడూ అడిగాడు. వాళ్లకు ఒక్కొక్కరికీ చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇందులోని ధరలు, రేట్లు 2025 డిసెంబరు నాటివి. రేట్లు మారినా లెక్క వేసే పద్ధతి మారదు.

సుంకం ఎవరు కడతారు, దేని మీద కడతారు

ముందు ఇది సరిగ్గా అర్థం కావాలి. చైనా మీద సుంకం అంటే చైనా కడుతుందని చాలామంది అనుకుంటారు. కట్టేది అమెరికాలో ఆ సరుకు దిగుమతి చేసుకున్న కంపెనీ. సరుకు విడుదలైన పది పనిదినాల్లో ఆ డబ్బు అమెరికా కస్టమ్స్‌కు చేరాలి. ఆ కాగితాలు రోజూ నా చేతుల మీదుగానే వెళ్తాయి.

రెండోది, సుంకం షాపులో కనిపించే ధర మీద పడదు. దిగుమతి ఇన్వాయిస్‌లో ఉన్న విలువ మీద పడుతుంది. షాపులో 500 డాలర్లకు అమ్మే కన్సోల్‌ను ఇన్వాయిస్‌లో 400గా చూపించారనుకుందాం. ఇది లెక్క కోసం నేను అనుకున్న అంకె మాత్రమే. 10 శాతం సుంకమైతే 40 డాలర్లు. 20 శాతమైతే 80. 30 శాతమైతే 120. ఏప్రిల్‌లో కొన్ని వారాల పాటు చైనా సరుకు మీద మొత్తం 145 శాతం ఉంది. అంటే 400 డాలర్ల పెట్టె మీద 580 డాలర్ల సుంకం. ఆ రోజుల్లో మా ఆఫీసు ఫోన్లు ఆగకుండా మోగాయి. కంటైనర్ రేవుకు చేరితే డబ్బు ఎలా కట్టాలో తెలియక చిన్న దిగుమతిదారులు ఏడ్చినంత పని చేశారు.

కన్సోళ్ల అమ్మకంలో మార్జిన్ చాలా తక్కువ. కంపెనీల లాభమంతా గేముల్లో, సభ్యత్వాల్లో ఉంటుంది. అందుకే 80 డాలర్ల సుంకం పడినప్పుడు పెట్టె లాభంలోంచి దాన్ని భరించడం వాళ్లకు కష్టం. అలాగని మొత్తం మన మీదా వేయలేరు, అమ్మకాలు పడిపోతాయి. కొంత వాళ్లు మోసి, కొంత మన మీద వేస్తారు. ఏడాది పొడుగునా నాకు కనిపించింది ఇదే.

మొదటి పని: ఎక్కడ తయారైందో చూడండి

బ్రాండ్ ఏ దేశానిదో పక్కన పెట్టండి. సోనీ, నింటెండో జపాన్ కంపెనీలు, మైక్రోసాఫ్ట్ అమెరికాది. సుంకానికి ఆ లెక్క లేదు. పెట్టె ఏ దేశంలో తయారైందో, ఆ దేశం రేటు పడుతుంది. కన్సోల్ అడుగునో వెనకో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మా ఇంట్లోని సోనీ కన్సోల్ పీఎస్5 మీద "మేడ్ ఇన్ చైనా" అని ఉంది. నింటెండో మాత్రం 2019 నుంచే కొంత తయారీని వియత్నాంకు మార్చింది. అమెరికాకు వచ్చే స్విచ్ 2లు ఎక్కువగా అక్కడివే.

2019 ఎందుకంటే అప్పుడూ ఇలాంటి గండమే వచ్చింది. చైనా నుంచి వచ్చే కన్సోళ్ల మీద 25 శాతం వేస్తామన్నారు. ఆ జూన్‌లో సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడూ కలిసి వద్దని ప్రభుత్వానికి ఉత్తరం రాశాయి. బజారులో ఒకదానితో ఒకటి పోటీపడే కంపెనీలు ఒకే కాగితం మీద సంతకం పెట్టడం చాలా అరుదు. 2018లో అమెరికాకు వచ్చిన కన్సోళ్లలో 96 శాతానికి పైగా చైనావేనని అందులో రాశారు. చివరికి ఆ సుంకం డిసెంబరులో అమల్లోకి రాకముందే ఆగింది. ఈసారి ఆగలేదు.

రెండో పని: రేటు, తేదీ రెండూ రాసుకోండి

వార్తల్లో వచ్చే శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. ఒకే దేశం మీద రెండు మూడు సుంకాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. 2025లో చైనా మీద ఫెంటనిల్ అనే మత్తుమందు పేరుతో ఒకటి, పరస్పర సుంకం పేరుతో ఇంకొకటి (ఏప్రిల్ 2 పట్టికలోది) ఉండేవి. చైనాతో మే నెల ఒప్పందం తర్వాత మొదటిది 20, రెండోది 10, మొత్తం 30 శాతం అయింది. నవంబరు 10న మొదటిది 10కి తగ్గి మొత్తం 20 అయింది. వియత్నాంకు ముందు 46 అన్నారు, ఆపి 10 చేశారు, ఆగస్టు 7 నుంచి 20 చేశారు.

ఏప్రిల్‌లో ఇంకో తికమక వచ్చింది. ఫోన్లకూ కంప్యూటర్లకూ పరస్పర సుంకం నుంచి మినహాయింపు ఇచ్చారు. "కన్సోల్ కూడా కంప్యూటరే కదా" అని మా అబ్బాయి ఆశపడ్డాడు. లోపల ప్రాసెసర్ ఉన్నా, సుంకాల పట్టికలో కన్సోల్ ఉండేది 95వ అధ్యాయంలో, బొమ్మలూ ఆటవస్తువుల మధ్య. దాని కోడ్ 9504.50. ఆ కోడ్ మినహాయింపు జాబితాలో లేదు. ఇలాంటి వార్త వచ్చినప్పుడు వస్తువు పేరు కాకుండా ఆ కోడ్ ఉందో లేదో వెతకండి. అమెరికా సుంకాల పట్టిక ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

తేదీ ఎందుకంటే, కొత్త రేటు సాధారణంగా దారిలో ఉన్న ఓడకు పడదు. ఏప్రిల్ 5 కంటే ముందు ఓడెక్కి మే 27 లోపల ఎంట్రీ అయిన సరుకుకు ఆ పరస్పర సుంకం వేయలేదు. అందుకే ఈరోజు ప్రకటించిన సుంకం రేపే షాపులో కనిపించదు. గోడౌన్లో పాత రేటుకు వచ్చిన నిల్వ ఉంటుంది. అది అయిపోయే దాకా కంపెనీకి ఊపిరి సలుపుతుంది. ఏప్రిల్‌లో సుంకాలు వస్తే, అమెరికాలో పీఎస్5 ధర ఆగస్టు 21న పెరిగింది. ఆ నాలుగు నెలలే మనం నిదానంగా ఆలోచించుకునే సమయం. సుంకం వార్త విన్న రాత్రే టెన్షన్ పడి కార్డు గీకనక్కర్లేదు.

మూడో పని: కంపెనీ మాటలు వినండి

2025లో ధర పెంచేటప్పుడు ఈ మూడు కంపెనీల్లో ఏదీ సుంకం పేరు ఎత్తలేదు. మైక్రోసాఫ్ట్ మే 1న మార్కెట్ పరిస్థితులు అంది. నింటెండో ఆగస్టులో అదే మాట అంది. సోనీ ఆర్థిక వాతావరణం కష్టంగా ఉందంది. కానీ మూడు నెలలకొకసారి వాటాదారులకు చెప్పేటప్పుడు అంకెలు బయటికొస్తాయి. సుంకాల వల్ల ఈ ఆర్థిక సంవత్సరంలో 100 బిలియన్ యెన్ల దెబ్బ పడొచ్చని సోనీ మేలో చెప్పింది. ఆగస్టులో దాన్ని 70 బిలియన్లకు తగ్గించింది. అందులో కన్సోళ్లే కాదు, కెమెరాలూ ఇతర వస్తువులూ ఉన్నాయి. అయినా మే నెలలో ఆ మాట విన్నప్పుడే పీఎస్5 ధర పెరుగుతుందని మా ఆయనతో అన్నాను.

2025లో అమెరికాలో జరిగిన పెంపులు ఇవి. ఎంత పెంచారనే దానితోపాటు ఎన్ని రోజుల ముందు చెప్పారో కూడా చూడండి.

మైక్రోసాఫ్ట్ మే 1న చెప్పి అప్పుడే పెంచింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 299.99 నుంచి 379.99కి, సిరీస్ ఎక్స్ 499.99 నుంచి 599.99కి. మళ్లీ సెప్టెంబరు 19న చెప్పి అక్టోబరు 3 నుంచి ఇంకోసారి పెంచింది. సిరీస్ ఎస్ 399.99, సిరీస్ ఎక్స్ 649.99 అయ్యాయి. ఈసారి రెండు వారాల గడువు దొరికింది.

నింటెండో ఆగస్టు 1న చెప్పి 3 నుంచి పాత స్విచ్ ధర పెంచింది. 299.99 ఉన్నది 339.99, మెరుగైన తెర ఉన్న ఓలెడ్ మోడల్ 349.99 నుంచి 399.99, చిన్న మోడల్ లైట్ 199.99 నుంచి 229.99. 2017లో వచ్చిన కన్సోల్‌కు ఎనిమిదేళ్ల తర్వాత ధర పెరగడం నాకు చాలా బాధ కలిగించింది. ఒకప్పుడు కన్సోల్ పాతదైతే చౌకయ్యేది. సోనీ పీఎస్2 2000లో 299 డాలర్లకు వచ్చి, 2002కల్లా 199కి దిగింది. తక్కువ డబ్బున్న ఇళ్లలో పిల్లలకు ఆ దిగిన ధరే అందుబాటులోకి వచ్చేది. "రెండేళ్లు ఆగు నాన్నా, తగ్గుతుంది" అని ఇప్పుడు ఏ తల్లీ ధైర్యంగా చెప్పలేదు.

సోనీ ఆగస్టు 20న చెప్పి 21 నుంచే పెంచింది. పీఎస్5 డిజిటల్ 499.99, డిస్క్ ఉన్నది 549.99, ప్రో 749.99. మూడింటికీ 50 డాలర్లు పెరిగింది.

గడువు రెండు వారాలు ఉండొచ్చు, ఒక్క రోజూ ఉండొచ్చు. కాబట్టి కొనాలని నిర్ణయించుకుంటే ప్రకటన కోసం ఎదురు చూడకండి. డబ్బు సిద్ధంగా పెట్టుకుని, కంపెనీ అధికారిక బ్లాగు ఒక్కటి చూస్తుంటే చాలు.

ప్రతి పెంపునూ సుంకం ఖాతాలో వేయకండి. సోనీ ఏప్రిల్‌లో యూరప్‌లో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ధర పెంచింది. అమెరికా సుంకం అక్కడ పడదు. మైక్రోసాఫ్ట్ గేముల సభ్యత్వం గేమ్ పాస్ అల్టిమేట్ అక్టోబరు 1న నెలకు 19.99 నుంచి 29.99 అయింది. అది ఓడలో వచ్చేది కాదు, దానికి సుంకమే లేదు. డౌన్‌లోడ్ చేసుకునే గేములకూ లేదు. ఏడాది చివర్లో మెమరీ చిప్‌ల ధరలు పెరగడం వేరే కథ. సుంకం పోయినా ఇవి ఉంటాయి.

ఇంటి లెక్క

మా అబ్బాయి నోట్‌బుక్‌లోకి వస్తాను. ఏప్రిల్ 9న వియత్నాం రేటు 10 శాతానికి ఆగాక ఆ లెక్క మళ్లీ వేశాం. స్విచ్ 2 ఇన్వాయిస్ విలువ 350 అనుకుంటే సుంకం 35 డాలర్లు. ఆ మాత్రం నింటెండో భరిస్తుంది, కొత్త కన్సోల్ మొదటి రోజునే ధర పెంచి పేరు పోగొట్టుకోదు అని చెప్పాను. ఏప్రిల్ 24న ప్రీ ఆర్డర్లు అదే 449.99కి మొదలయ్యాయి. పెంచింది యాక్సెసరీల మీద. ప్రో కంట్రోలర్ 79.99 నుంచి 84.99, పక్కలకు తగిలించే చిన్న కంట్రోలర్లు, జాయ్‌కాన్ జత 89.99 నుంచి 94.99. కన్సోల్ ధర అంతే ఉంది కదా అని సంబరపడి యాక్సెసరీలు మరిచిపోతే బడ్జెట్ తప్పుతుంది.

మీరు రాసుకోవాల్సిన వరుసలు ఇవి: కన్సోల్, రెండో కంట్రోలర్, ఒక గేము, ఏడాది సభ్యత్వం, ఆ పైన సేల్స్ ట్యాక్స్. ఇర్వింగ్‌లో 8.25 శాతం. అంటే పీఎస్5కు పెరిగిన 50 డాలర్లు మా జేబులోంచి 54 అవుతాయి. సుంకం మీద కూడా మనం పన్ను కడుతున్నాం. చాలామంది దీన్ని గమనించరు. సేల్స్ ట్యాక్స్ లేని ఒరెగాన్ రాష్ట్రంలో ఆ బాధ లేదు.

ఇక ఎప్పుడు కొనాలి? తొందర లేకపోతే నవంబరు దాకా ఆగమంటాను. 2025 బ్లాక్ ఫ్రైడేకి, అంటే నవంబరు చివర్లో వచ్చే తగ్గింపు అమ్మకాలకు, సోనీ మూడు మోడళ్ల మీదా 100 డాలర్లు తగ్గించింది. డిస్క్ మోడల్ 449కి దొరికింది. ఆగస్టులో పెంచకముందు ఉన్న ధర కంటే ఇది తక్కువ. కానీ అధికారిక ధర మారలేదు, ఆఫర్ ముగిశాక మళ్లీ 549.99 అయింది. చైనా సుంకం నవంబరు 10న తగ్గినా ఎవరూ ధర తగ్గిస్తున్నామని ప్రకటించలేదు. పెరిగినంత తేలిగ్గా దిగవు. ఈ సుంకాలు చట్టబద్ధమా కాదా అని 2025 నవంబరు 5న సుప్రీంకోర్టులో వాదనలు జరిగాయి. వాపసు వస్తే అది ఎంట్రీ వేసిన దిగుమతిదారుకు వస్తుంది. కౌంటర్ దగ్గర డబ్బు కట్టిన మనకు రాదు. ఆ ఆశతో కొనకండి.

కంపెనీలు స్వయంగా బాగుచేసి మళ్లీ అమ్మే రీఫర్బిష్డ్ కన్సోళ్లు మంచివి. వాడినవి తెలిసినవాళ్ల దగ్గర కొంటే సరే. కొత్తవాటి ధర పెరిగితే వాటి ధరా పెరుగుతుంది, కాకపోతే కొంచెం ఆలస్యంగా.

బయటి దేశం వెబ్‌సైట్‌లో కొనేవాళ్లకు

ఇది నాకు జరిగింది. సెప్టెంబరులో మా అబ్బాయికి నచ్చిన రంగు కంట్రోలర్ జపాన్ అమ్మకందారు దగ్గర 74 డాలర్లకు కనిపించింది. ఆర్డర్ పెట్టాను. 800 డాలర్ల లోపు పార్సిల్‌కు సుంకం లేదనే పాత మినహాయింపు ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ పోయిందని నాకు తెలుసు. జపాన్ రేటు 15 శాతం, 11 డాలర్లు పడుతుందని లెక్క వేసుకున్నాను. కొరియర్ కంపెనీ పంపిన బిల్లులో 22 డాలర్ల పైన సుంకం, దానికి అదనంగా క్లియరెన్స్ ఫీజు ఉన్నాయి. పార్సిల్ బయల్దేరింది జపాన్ నుంచే, కంట్రోలర్ తయారైంది చైనాలో. అప్పటికి చైనా రేటు 30. ఆఫీసులో రోజూ చూసే నియమమే, ఇంటి ఆర్డర్ దగ్గరికి వచ్చేసరికి అమ్మకందారును అడగకుండా పొరపాటు చేశాను. మీరు ఆర్డర్ పెట్టేముందు రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: తయారీ దేశం ఏది, సుంకం ధరలో కలిసి ఉందా లేదా.

ఇండియాకు పట్టుకెళ్లేవాళ్లకు

"అక్కా, వచ్చేటప్పుడు పీఎస్5 తెస్తావా? అక్కడ చీప్ కదా" అన్నాడు మా తమ్ముడు. నిజానికి మనవాళ్లకు సుంకం కొత్త కాదు. 2018 బడ్జెట్‌లో ఇండియా కన్సోళ్ల మీద సుంకాన్ని 10 నుంచి 20 శాతానికి పెంచింది. దాని మీద సర్‌ఛార్జి, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ కలిపితే దిగుమతి విలువకు దాదాపు 44 శాతం అదనం. అందుకే అమెరికా నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో కన్సోళ్లు ఉండేవి.

2024లో ఇక్కడ పీఎస్5 499.99 పెట్టి కొంటే ట్యాక్స్‌తో 541 డాలర్లు, అప్పటి రేటుకు సుమారు 45,500 రూపాయలు. ఇండియాలో 54,990. తొమ్మిది వేలకు పైగా మిగిలేది. 2025 డిసెంబరులో 549.99కి ట్యాక్స్‌తో 595 డాలర్లు. డాలరుకు 89 రూపాయలు వేస్తే సుమారు 53,000. అప్పుడు అమల్లో ఉన్న 2016 బ్యాగేజీ నియమాల ప్రకారం 50,000 రూపాయలు దాటిన భాగానికి ఇండియాలో 38.5 శాతం సుంకం కట్టాల్సి ఉండేది, అంటే ఇంకో 1,150. మొత్తం 54,150. మిగిలేది ఎనిమిది వందలు. అమెరికాలో కొన్న దానికి గుంటూరులో వారంటీ చెల్లకపోతే ఆ ఎనిమిది వందలు దేనికి సరిపోతాయి? పైగా ఆ 50,000 లెక్కలోకి తెచ్చే మిగతా వస్తువులూ వచ్చేవి.

బ్లాక్ ఫ్రైడే ధరకైతే కథ వేరు. అప్పుడు ట్యాక్స్‌తో 43,500 లోపే. కానీ ఇండియాలోనూ పండగ ఆఫర్లుంటాయి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. స్విచ్ 2 సంగతి వేరు. నింటెండో ఇండియాలో అధికారికంగా అమ్మదు, అక్కడ దొరికేవి వేరే దారిలో వచ్చినవి. దాన్ని ఇక్కడి నుంచి పట్టుకెళ్లడంలో ఇంకా అర్థముంది.

తమ్ముడికి ఈ అంకెలన్నీ వాట్సాప్‌లో రాసి పంపాను. వాడు దీపావళి ఆఫర్‌లో విజయవాడలోనే పీఎస్5 కొనుక్కున్నాడు. నేను జనవరిలో వెళ్తున్నాను. మా మరిది కొడుకు కోసం స్విచ్ 2 ఒకటి తీసుకున్నాను. పట్టుకెళ్లేవాళ్లు బిల్లును సూట్‌కేసులో కాకుండా చేతి బ్యాగులో ఉంచుకోండి. బిల్లు లేకపోతే శంషాబాద్‌లో అధికారి తనకు తెలిసిన ధర వేసి లెక్క కడతారు. విమానం ఎక్కే వారం ముందు ఇండియా కస్టమ్స్ వెబ్‌సైట్‌లో బ్యాగేజీ పరిమితి మళ్లీ ఒకసారి చూసుకోండి. ఛార్జర్ మీద 100-240 వోల్ట్‌లు అని రాసి ఉందో లేదో కూడా ఇక్కడే చూసుకోండి.